హెచ్‌ఐవీ ఉందని ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు

ప్రశ్న: తెనాలి దగ్గర పల్లె మాది. మా ఆయన పోయి ఏడాది. నాకూ హెచ్‌ఐవీ ఉంది, మందులు మానకుండా వేసుకుంటున్నా. అత్తగారు నా కంచం, గ్లాసు విడిగా పెరట్లో పెట్టారు, సర్లే అనుకున్నా. ఇప్పుడు మరిది ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు. పాపని తీసుకుని ఎక్కడికి పోను?

జవాబు: కదలకండి అక్కా. 2017 హెచ్‌ఐవీ చట్టం 29వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కుటుంబంతో కలిసి ఉంటున్న ఇంట్లోనే ఉండే హక్కు ఉంది. జిల్లా లీగల్ సర్వీసెస్‌లో ఆడవాళ్లకు లాయర్‌ని ఉచితంగా ఇస్తారు.

జవాబు: హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యమ్మా, డబ్బులు పడవు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌ని పాజిటివ్ మహిళల సంఘం గురించి అడుగు. నా గొడవప్పుడు సంఘం వాళ్లే పెద్దమనుషుల దగ్గరికొచ్చి కూర్చున్నారు. ఒక్కదాన్నే వెళ్తే మాట్లాడనిచ్చేవాళ్లా?

ప్రశ్న అడిగినవారు: ఆ పెద్దమనుషుల్లో మా మామయ్యా ఒకరు, అదే టెన్షన్. రేపు కౌన్సెలర్‌ని కలుస్తా. పాపకి నెగటివ్ అండీ.