ఉబ్బసానికి పంపు మానేసి పౌడర్‌కు మారాలా?

ఆకుపచ్చ_ఊపిరి:
పంపు అంటే నొక్కితే గ్యాస్‌తో మందు చిమ్మే ఇన్‌హేలర్, పౌడర్ అంటే పొడి మందు పీల్చే ఇన్‌హేలర్. ఊపిరి గొట్టాలను త్వరగా తెరిచే సాల్బుటమాల్ మందు పంపు ఒకటి తీసుకుని లెక్క వేద్దాం. 200 పఫ్‌లు, పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. అంటే డబ్బా మొత్తం మీద మందు 20 మిల్లీగ్రాములే. దాన్ని బయటికి తోసే హెచ్‌ఎఫ్‌ఏ-134ఏ గ్యాస్ మాత్రం పెద్ద రకం డబ్బాల్లో సుమారు 18 గ్రాములు. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. డబ్బా అయిపోయేసరికి 25 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమని లెక్క తేలుతుంది, దాదాపు 11 లీటర్ల పెట్రోలు కాల్చినంత. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కర్బన ఉద్గారాల్లో సుమారు 3 శాతం ఇన్‌హేలర్లవే. పౌడర్‌లో గ్యాసే ఉండదు. పొడి మందు నింపిన క్యాప్సూళ్లు, అంటే రోటాక్యాప్‌లు, మన మందుల షాపుల్లో ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. కాబట్టి పెద్దవాళ్లకు ముందు పౌడరే రాయాలి.

గాలిగొట్టం:
లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. పౌడర్‌ను లోపలికి లాగాల్సింది రోగి ఊపిరే. చాలా పరికరాలకు నిమిషానికి 30 నుంచి 60 లీటర్ల వేగం కావాలి. చిన్నపిల్లలకు, బాగా నీరసించిన వృద్ధులకు అది సాధ్యం కాదు. ఆయాసం ముదిరి మాట కూడా రానివాళ్లకు అసలే కాదు. అప్పుడు పనికొచ్చేది పంపు, దానికి తగిలించే స్పేసర్ గొట్టమే: ఒక్కో పఫ్ చొప్పున 4 నుంచి 10 పఫ్‌లు, మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకు. ఇంట్లో అది లేకుండా చేసే సలహా ఎవరూ ఇవ్వకూడదు.

మందులబల్ల:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. పంపుకూ పౌడర్‌కూ పీల్చే తీరు పూర్తిగా వేరు. పంపు నొక్కుతూ నెమ్మదిగా, లోతుగా లాగాలి. పౌడర్ మొదటి క్షణం నుంచే గట్టిగా లాగాలి. చీటీలో పేరు మార్చి ఇది నేర్పకపోతే మందు నోట్లోనే ఆగిపోతుంది.

రోటాక్యాప్ పెట్టి పీల్చే రోటాహేలర్ అయితే క్యాప్సూల్ పారదర్శకంగా ఉన్న కొన ముందుగా వెళ్లేలా రంధ్రంలో పెట్టి, అంచుకు సమానంగా వచ్చేదాకా నొక్కాలి. అడుగు భాగం తిప్పితే క్యాప్సూల్ విడిపోతుంది. ఊపిరి బయటికి వదిలేయాలి, పరికరంలోకి మాత్రం ఊదకూడదు. ఊదితే తడికి పొడి ముద్దకడుతుంది. గట్టిగా పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. తెరిచి చూస్తే పొడి మిగిలిందా? మళ్లీ పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న మందైతే నోరు పుక్కిలించి ఉమ్మాలి.

కోస్తాలో తేమ మరో తలనొప్పి. రేపటి క్యాప్సూల్ ఈ రోజే తీసి పెట్టుకోవద్దు. సీసా మూత బిగించాలి. కడిగిన పరికరం పూర్తిగా ఆరాకే వాడాలి.

ఆకుపచ్చ_ఊపిరి:
అత్యవసరానికి పంపు ఉండాలన్నది ఒప్పుకున్నాను. కానీ ఏటా డబ్బాలకు డబ్బాలు ఖాళీ అవుతున్నది అత్యవసరానికేనా? ఏడాదికి 3 సాల్బుటమాల్ పంపులు దాటితే ఉబ్బసం అదుపులో లేనట్టే. 12 దాటితే ప్రాణాపాయం పెరుగుతుంది. సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని ఉబ్బసంపై అంతర్జాతీయ సంస్థ జినా మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్, ఊపిరి గొట్టాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన మందు పౌడర్‌లోనూ ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులో అది వాడితే వాపు తగ్గుతుంది, గ్యాసూ తగ్గుతుంది.

గాలిగొట్టం:
ఈ మాటకు నేనూ సరే. అయితే మార్చాల్సింది రోగిని కాదు, గ్యాస్‌ను అంటాను. హెచ్‌ఎఫ్‌ఏ-152ఏ అనే గ్యాస్ వేడెక్కించే ప్రభావం 134ఏలో పదో వంతు. హెచ్‌ఎఫ్‌ఓ-1234జెడ్‌ఈ అనే మరో గ్యాస్‌ది ఇంకా స్వల్పం. దానితో పనిచేసే, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుకు వాడే పంపుకు బ్రిటన్ 2025లో అనుమతి ఇచ్చింది. హెచ్‌ఎఫ్‌సీ వాయువులను (134ఏ ఈ రకమే) తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. మనం 2028లో ఈ వాయువుల వాడకాన్ని స్తంభింపజేసి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. చౌక పంపులు చేసే మన కంపెనీలను ఇప్పుడే అడగాలి.

మందులబల్ల:
గ్యాస్ మారేదాకా కనీసం వృథా ఆపవచ్చు. మిగిలిన పఫ్‌ల లెక్క చూపే కౌంటర్ లేని డబ్బాను నీళ్లలో తేల్చి చూడొద్దు, ఆ పరీక్ష తప్పు చెబుతుంది. ఊపితే చప్పుడు వచ్చినా లోపల మందు ఉన్నట్టు కాదు, మిగిలింది ఉత్త గ్యాసే కావచ్చు. తెరిచిన తేదీ డబ్బా మీద రాయండి. రోజుకు 4 పఫ్‌లైతే 200 పఫ్‌లు 50 రోజులకు సరి. ఖాళీదైనా సరే, దాన్ని పొడవకండి, చెత్తతోపాటు కాల్చకండి, పేలుతుంది.