అప్‌డేట్: ప్లాస్మా కటింగ్‌లో నాజిల్స్ ఊరికే పోతున్న సమస్య తీరింది (రాయగడ)

వానలు మొదలయ్యాక మా ప్లాస్మా మెషిన్‌లో (కరెంటు ఆర్క్‌తో బాగా వేడెక్కిన గాలితో ఇనుప ప్లేట్లు కోసే మెషిన్) ఎలక్ట్రోడ్, నాజిల్ పూట తిరక్కుండానే పోతున్నాయని, కోత ఏటవాలుగా వస్తోందని అడిగాను. జవాబిచ్చిన అన్నలందరికీ ధన్యవాదాలు.

లోపం టార్చ్‌లో (ఎలక్ట్రోడ్, నాజిల్ బిగించే కోత తల) లేదు, కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో ఉంది. ఎలక్ట్రోడ్ రాగిదే గానీ, దాని కొనలో హాఫ్నియం అనే లోహపు చిన్న ముక్క ఉంటుంది. ఆర్క్ (కరెంటు మెరుపు) పుట్టేది అక్కడే. కంప్రెసర్ గాలితో పాటు తేమ, ఆయిల్ చేరితే ఆ ముక్క త్వరగా గుంటపడుతుంది. గుంట సుమారు 1 మి.మీ. లోతుకు వస్తే మార్చేయాలి, లేకపోతే నాజిల్‌నీ పాడుచేస్తుంది, ఒక్కోసారి టార్చ్‌నే కాల్చేస్తుంది. నాజిల్ రంధ్రం గుండ్రదనం పోతే కోత ఏటవాలుగా రాక ఏమవుతుంది!

కంప్రెసర్ తర్వాత పొడవైన ఇనుప పైపు వేశాం, గాలి చల్లబడి నీరు దిగుతుంది. పైపును కొద్దిగా వాలుగా పెట్టి, కింది కొసన డ్రెయిన్ వాల్వ్ బిగించాం. మెషిన్‌కి వెళ్లే లైన్ పైపు పైభాగం నుంచే తీశాం. ఆ తర్వాత ఎయిర్ డ్రయ్యర్, ఆయిల్ ఫిల్టర్. డ్రయ్యర్‌కి ఖర్చయింది, కానీ పెట్టాల్సిన ఖర్చే.

కోత మొదట్లో ప్లేటుకు రంధ్రం పెట్టేటప్పుడు టార్చ్‌ను, కోసేటప్పుడు ప్లేటుకు పైన ఉంచే ఎత్తుకు రెట్టింపు ఎత్తులో ఉంచమన్న సలహా కూడా బాగా పనిచేసింది, కరిగిన ఇనుము నాజిల్ మీదికి చిమ్మడం లేదు. మా కుర్రాళ్లకు గ్రైండింగ్ బాధ తగ్గింది, నాకు అదే పెద్ద సంతోషం.

మందం ప్లేట్ల అడుగున మాత్రం చిట్టెం (కరిగి గడ్డకట్టిన ఇనుము) ఇంకా అంటుకుంటోంది. స్పీడ్ మార్చి చూస్తున్నాం.