అప్‌డేట్: నా పేరు మీద అరెస్ట్ వారెంట్ చూపించిన విషయం తేలిపోయింది

అమెరికాలో ఒక పెయిడ్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ సైట్‌లో నా పేరు మీద యాక్టివ్ వారెంట్ ఉందని చూపిస్తోంది, నిజమో కాదో ఎక్కడ చూడాలి అని అడిగా కదా, రిప్లై ఇచ్చిన వాళ్లందరికీ థాంక్స్. పనిచేసింది కౌంటీ కోర్ట్ క్లర్క్ సైట్‌లో కేస్ సెర్చ్ చేయమన్న సలహానే. పేరు కొడితే కేస్ వచ్చింది గానీ డేట్ ఆఫ్ బర్త్ నాది కాదు, ఎవరో అదే పేరున్నాయన, ట్రాఫిక్ టికెట్‌కి కోర్టుకి రాలేదని జడ్జి ఇచ్చిన బెంచ్ వారెంట్ అది. లాయర్‌తో క్లర్క్ ఆఫీస్‌కి ఫోన్ చేయిస్తే అది కూడా ఎప్పుడో రీకాల్ అయిపోయిందట (అంటే కోర్టు వెనక్కి తీసుకుంది), డబ్బులు తీసుకునే ఆ సైట్ మాత్రం పాత డేటానే చూపిస్తూ కూర్చుంది. షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) వారెంట్ల లిస్ట్‌లో కూడా నా పేరు లేదు. పేసర్ (ఫెడరల్ కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల సైట్) అనవసరం, అందులో ఫెడరల్ కేసులే ఉంటాయి, పేజీకి 10 సెంట్లు. ఎన్‌సీఐసీ (ఎఫ్‌బీఐ నడిపే నేర రికార్డుల డేటాబేస్) అయితే పోలీసులకే, మనకి ఓపెన్ కాదు. ఇంకోటి, సీల్ చేసిన (కోర్టు రహస్యంగా ఉంచిన) వారెంట్లు ఏ సైట్‌లోనూ కనపడవంట, అందుకే డౌట్ గట్టిగా ఉంటే స్టేషన్‌కి నేరుగా వెళ్లకుండా ముందు లాయర్‌తో కనుక్కోమని మా లాయర్ అన్నాడు, నిజంగా ఉంటే అక్కడే పట్టుకోవచ్చు.