భాస్వరం తగ్గిస్తే జింక్ ఆక్సైడ్ నానో రేణువులు నాచుకు మరింత విషమా, లేక పరీక్షలోనే లోపమా?

సూక్ష్మనాచు
ప్రయోగశాలలో నాచు పెంచే పోషక ద్రావణం (మాధ్యమం) బీజీ-11లో భాస్వరం లీటరుకు 7 మి.గ్రా. నాచుపై విషప్రభావం కొలిచే ప్రామాణిక పరీక్ష ఓఈసీడీ 201 మాధ్యమంలో 0.36 మి.గ్రా. మాత్రమే. బీజీ-11లో వచ్చిన ఫలితాలను చెరువులకు అంటగట్టడం తప్పని నా వాదన. నాచు కణం లోపలికొచ్చిన జింక్‌ను పాలీఫాస్ఫేట్ గుళికల్లో (కణం దాచుకున్న భాస్వరం నిల్వలో) బంధిస్తుంది. భాస్వరం కరువైతే ఆ నిల్వ ఉండదు, అదే మోతాదు గట్టిగా తగులుతుంది.

రసాయనం_గది
మీ పోలికలో మారింది భాస్వరం ఒక్కటే కాదండీ. బీజీ-11లో లోహాలను పట్టి బంధించే ఈడీటీఏ లవణం లీటరుకు 1 మి.గ్రా., పైగా సిట్రిక్ ఆమ్లం 6 మి.గ్రా. ఓఈసీడీలో ఈడీటీఏ 0.1 మి.గ్రా., అంటే 0.27 మైక్రోమోలార్ (లీటరుకు మోల్‌లో పదిలక్షో వంతు లెక్క), అందులోనూ ఇనుము వాటా ఉంటుంది. 2007లో ఫ్రాంక్లిన్ బృందం నానో జింక్ ఆక్సైడ్, మామూలు పొడి, జింక్ క్లోరైడ్ మూడింటినీ పోల్చితే విషప్రభావం దాదాపు ఒకటే, అంటే దెబ్బ కొట్టేది కరిగిన జింక్. 72 గంటల్లో వృద్ధిని సగానికి తగ్గించింది లీటరుకు సుమారు 60 మైక్రోగ్రాముల జింక్, అంటే 0.9 మైక్రోమోలార్. బీజీ-11లోని ఈడీటీఏ దాన్ని చాలావరకు మింగేస్తుంది.

ఒకే మాధ్యమంలో పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ (1.6 మి.గ్రా.) తీసేసి, పొటాషియం కోసం 0.88 మి.గ్రా. పొటాషియం క్లోరైడ్ వేసి పోల్చండి. అప్పుడూ చిక్కే: కరువు ఫ్లాస్కులో కణాలు తక్కువ కాబట్టి ఒక్కో కణానికి దక్కే జింక్ ఎక్కువ. కంట్రోలు (జింక్ వేయని ఫ్లాస్కు) 72 గంటల్లో 16 రెట్లు పెరగాలన్న ఓఈసీడీ షరతూ తప్పుతుంది.

సూక్ష్మనాచు
అందుకే ఫ్లాస్కులు వద్దు, కీమోస్టాట్ (కొత్త ద్రావణం నిరంతరం చేరుతూ, పాతది పోతూ ఉండే పాత్ర) పెట్టండి. ఒకదానికి భాస్వరం, మరోదానికి నత్రజని పరిమితి. రెండింటికీ రోజుకు 0.3 పలచన రేటు, అంటే రోజుకు పాత్రలో 0.3 వంతు కొత్త ద్రావణం. కాబట్టి వృద్ధి రేటూ సమానం. రెండింటి కణాలనూ మి.లీ.కు 10,000 చొప్పున ఒకే మాధ్యమంలోకి మార్చి, కొద్ది గంటలు జింక్‌కు గురిచేసి, కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం, లోపలి జింక్ కొలవాలి. భాస్వరం అందని కణాలు ఉబ్బుతాయి, లెక్క కణ ఘనపరిమాణానికి కట్టండి. ఒక్కసారి కడిగినంత మాత్రాన కరువు రాదు; పాత నిల్వతో కొన్ని విభజనలు నడిచిపోతాయి.

చెరువుగట్టు
సీరియం, టైటానియం ఆక్సైడ్ల సంగతి? అవి పెద్దగా కరగవు, ఫాస్ఫేట్‌ను పైన పట్టేసుకుంటాయి. సరస్సుల్లో భాస్వరం తీయడానికి లాంథనం కలిపిన బంకమట్టి చల్లేదీ ఇలాంటి బంధం కోసమే. అక్కడ నాచుకు తగిలేది విషమా, ఆకలా? (గోదావరి జిల్లాల చేపల చెరువుల్లో ఎరువు దండిగా పడుతుంది, ఈ గొడవ అక్కడ తక్కువ.)

రసాయనం_గది
తేల్చొచ్చు. రేణువులను మాధ్యమంలో 24 గంటలు తిప్పి, తీసేసి, మిగిలిన ద్రవంలో నాచు పెంచండి. ఒక వంతుకు ఫాస్ఫేట్ తిరిగి కలపండి. వృద్ధి కోలుకుంటే అది ఆకలే. 0.2 మైక్రాన్ ఫిల్టరు పనికిరాదు, నానో రేణువులు దాటిపోతాయి. 3 కిలోడాల్టన్ పొర (అంతకంటే పెద్ద అణువులనూ ఆపే సన్నటి ఫిల్టరు) వాడి, మొదటి వడపోత పారబోయండి, పొర మొదట కరిగిన లోహాన్ని కొంత పట్టేస్తుంది.

జింక్ ఆక్సైడ్‌కు మాత్రం ఈ పద్ధతిని నమ్మను. లీటరుకు మిల్లీగ్రాముల్లో మోతాదు వేస్తే, కలిపిన ఫాస్ఫేట్ జింక్ ఫాస్ఫేట్‌గా అడుగున చేరొచ్చు. అప్పుడు కోలుకున్నది ఆకలి తీరా, జింక్ తగ్గా? కరిగిన జింక్ విడిగా కొలవకుండా చెప్పలేరు.