వేలాడే అద్దాల ఇంటర్‌ఫెరోమీటర్‌లో ఒక హెర్ట్జ్‌కు దిగువన కదలిక తగ్గడం లేదు: కారణం సముద్రమేనా?

ప్రశ్న (గుంటూరు నుంచి)

మా కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఎం.ఎస్సీ. విద్యార్థుల కోసం ఒక చిన్న మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ (లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, అద్దాల నుంచి తిప్పి పంపి, మళ్లీ కలిపి, అద్దాల అతి చిన్న కదలికలను చూపే పరికరం) నిర్మించాము. గాలి నింపిన కాళ్లపై నిలిచే టేబుల్ మీద చట్రం బిగించి, రెండు చివరి అద్దాలను 25 సెంటీమీటర్ల ఉక్కు తీగలతో వేలాడదీశాము. కిరణాన్ని చీల్చే బీమ్ స్ప్లిటర్ మాత్రం టేబుల్‌కే బిగించి ఉంది. హీలియం-నియాన్ లేజర్ వాడుతున్నాము. పది హెర్ట్జ్‌కు పైన పరికరం ఎంతో నిశ్చలంగా ఉంది; పక్క రోడ్డు మీద లారీ వెళ్లినా ఫ్రింజ్‌లు (కిరణాలు కలిసినచోట ఏర్పడే వెలుగు-చీకటి చారలు) చలించడం లేదు.

ఒక హెర్ట్జ్‌కు దిగువన మాత్రం రెండు ఇబ్బందులు ఉన్నాయి. వెలుగును కొలిచే ఫోటోడయోడ్ సిగ్నల్‌లో 0.2 హెర్ట్జ్ లోపు ఒక సన్నని అల కనిపిస్తోంది, దాని పౌనఃపున్యం స్థిరంగా నిలవడం లేదు. ఇది కాక, కొన్ని నిమిషాల వ్యవధిలో నాలుగైదు ఫ్రింజ్‌లు ఒక దిశలో జరిగి, మళ్లీ వెనక్కి వస్తున్నాయి. బాపట్ల వైపు తీరం మాకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కనుక, సముద్రపు అలల వల్ల నేలలో పుట్టే సూక్ష్మకంపనాలే కారణమని నా అనుమానం. నేల మీద 4.5 హెర్ట్జ్ సహజ పౌనఃపున్యం ఉన్న జియోఫోన్ (నేల కంపనాలను కొలిచే సెన్సర్) పెట్టి చూస్తే ఆ పౌనఃపున్యాల దగ్గర కొంత సిగ్నల్ కనబడుతోంది. ఫోటోడయోడ్, జియోఫోన్ సిగ్నళ్లు రెండింటినీ సెకనుకు 10 నమూనాల చొప్పున నమోదు చేస్తున్నాము. తీగల పొడవు పెంచితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు 1 (విజయవాడ నుంచి)

మాస్టారూ, దయచేసి తీగలు పొడిగించకండి. 25 సెంటీమీటర్ల లోలకం సహజ పౌనఃపున్యం ఒక హెర్ట్జ్. దానికి బాగా పైన లోలకం కంపనాన్ని అణచివేస్తుంది, దిగువన మాత్రం ఆధారం ఎటు కదిలితే అద్దమూ అటే కదులుతుంది. 0.1 హెర్ట్జ్ లోలకం కావాలంటే దాదాపు 25 మీటర్ల తీగ కావాలి.

సముద్రం సంగతి లెక్క వేసి చూద్దాం. సూక్ష్మకంపనాలు ముఖ్యంగా 0.1 నుంచి 0.3 హెర్ట్జ్ మధ్య ఉంటాయన్నది నిజమే. ఎదురెదురుగా వచ్చే అలలు కలిసినప్పుడు వాటి పౌనఃపున్యానికి రెట్టింపు వేగంతో సముద్రగర్భం మీద ఒత్తిడి పడుతుందని లాంగ్యుయెట్-హిగ్గిన్స్ 1950లో వివరించారు. మీ నేల 0.15 హెర్ట్జ్ దగ్గర ఒక మైక్రాన్ కదులుతోందనుకోండి. ఒక హెర్ట్జ్ లోలకానికీ టేబుల్‌కూ మధ్య వచ్చే తేడా అందులో 0.15 వర్గం, అంటే సుమారు 23 నానోమీటర్లు. మీ లేజర్‌తో ఒక ఫ్రింజ్ జరగాలంటే అద్దం 316 నానోమీటర్లు కదలాలి. పద్నాలుగో వంతు ఫ్రింజ్ కూడా కదిలించని కారణం నాలుగైదు ఫ్రింజ్‌లను ఎలా జరుపుతుంది?

నా అనుమానమంతా టేబుల్ ఒరగడం మీదే ఉంది. టేబుల్ ఒక మైక్రోరేడియన్ ఒరిగితే, అంటే ఒక మీటరు దూరంలో ఒక మైక్రాన్ ఎత్తు తేడా వస్తే, తీగ నిట్టనిలువుగానే ఉంటుంది కనుక అద్దం టేబుల్‌తో పోలిస్తే 250 నానోమీటర్లు పక్కకు జరుగుతుంది. ఈ జరుగుడు తీగ పొడవును బట్టి పెరుగుతుంది, పొడిగించవద్దన్నది అందుకే. గాలి కాళ్లలో మట్టం సరిచేసే వాల్వులు టేబుల్ కొంత ఒరిగేదాకా ఊరుకుని, ఆ తరువాతే తెరుచుకుంటాయి. మీరు చెప్పిన రాకపోకల తీరు సరిగ్గా దానిలాగే ఉంది. గాలి తీసేసి, టేబుల్‌ను గట్టి దిమ్మెల మీద ఆనించి ఒక రాత్రి చూడండి. మీ ఊరి నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయినా, ఆ మార్పు ఋతువులతో వచ్చేదే కానీ నిమిషాలలో వచ్చేది కాదు.

జవాబు 2

ఫ్రింజ్‌ల జరుగుడు గురించి పై జవాబుతో ఏకీభవిస్తాను. సన్నని అల మాత్రం అసలు కదలికే కాకపోవచ్చు. మన విద్యుత్ గ్రిడ్ పౌనఃపున్యం సాధారణంగా 49.90, 50.05 హెర్ట్జ్‌ల మధ్య తిరుగుతూ ఉంటుంది. గదిలోని ట్యూబులైట్ల వెలుగు దానికి రెట్టింపు వేగంతో, అంటే 99.8 నుంచి 100.1 హెర్ట్జ్ వరకు, మినుకుమంటుంది. సెకనుకు 10 నమూనాలే తీసుకుంటే ఆ మినుకు సున్నా నుంచి 0.2 హెర్ట్జ్ దాకా మారే నెమ్మది అలగా కనబడుతుంది. లేజర్ కిరణానికి అడ్డుగా నల్ల కాగితం పెట్టండి. అప్పుడూ అల కనిపిస్తే నేలకూ దానికీ సంబంధం లేదు. నమూనాలు తీసే ముందే అనలాగ్ లోపాస్ ఫిల్టర్ (ఎక్కువ పౌనఃపున్యాలను ఆపే వడపోత) ఉండాలి, లేదా సెకనుకు వేయి నమూనాలు తీసి, ఆ తరువాత కంప్యూటర్‌లో వడపోయాలి.

జియోఫోన్‌ను కూడా ఇక్కడ సాక్ష్యంగా తీసుకోలేము. సహజ పౌనఃపున్యానికి దిగువన దాని స్పందన వర్గ నిష్పత్తిలో పడిపోతుంది కనుక, 0.15 హెర్ట్జ్ దగ్గర అది నేల వేగంలో 900వ వంతు మాత్రమే చూపుతుంది. మీకు అక్కడ కనబడుతున్నది బహుశా ఆంప్లిఫయర్ సొంత రొద. రెండు జియోఫోన్లను పక్కపక్కన పెట్టి, వాటి సిగ్నళ్ల మధ్య పొంతన ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కిరణాన్ని మూసినా అల అలాగే ఉంది. దీపాలు ఆర్పగానే మాయమైంది. గాలి తీసి దిమ్మెల మీద ఆనించాక రాత్రంతా ఫ్రింజ్‌లు ఒకటికి మించి జరగలేదు. అయితే పగలు విద్యార్థులు టేబుల్ చుట్టూ నడిచినప్పుడు ఇంకా రెండేసి ఫ్రింజ్‌లు జరుగుతున్నాయి. గాలి లేకుండానే పని కొనసాగించవచ్చా?

జవాబు 1 (విజయవాడ నుంచి)

కొనసాగించవచ్చు. పది హెర్ట్జ్ దగ్గర మీ లోలకాలే కంపనాన్ని దాదాపు నూరో వంతుకు తగ్గిస్తాయి. మనుషుల బరువుకు గది నేలే కొద్దిగా ఒరుగుతోంది కనుక, దానికి మందు బీమ్ స్ప్లిటర్‌ను కూడా అదే చట్రం నుంచి అదే పొడవు తీగలతో వేలాడదీయడమే. అప్పుడు టేబుల్ ఎటు ఒరిగినా మూడూ ఒకే దిశలో, ఒకే దూరం జరుగుతాయి. పొడవుల్లో ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ఒరుగుడు ప్రభావంలో 250వ వంతే మిగులుతుంది. గురుత్వ తరంగాలను పట్టే పెద్ద ఇంటర్‌ఫెరోమీటర్ లైగోలో కూడా బీమ్ స్ప్లిటర్ వేలాడుతూనే ఉంటుంది. అడ్డంగా కదలికను కొలిచే పరికరం ఒరుగుడుకూ త్వరణానికీ తేడా చెప్పలేదు కనుక, అక్కడ నేల ఒరుగుడును విడిగా కొలవడానికి ప్రత్యేక సెన్సర్లు కూడా పెట్టారు. మీరు బీమ్ స్ప్లిటర్‌ను ఒంటి తీగతో కాక రెండు తీగలతో కట్టండి, లేకపోతే అది మెలి తిరిగి కిరణం తప్పుతుంది. ఊగుడు ఆపే అయస్కాంతాలను చట్రానికి బిగించి, రాగి పలకను బీమ్ స్ప్లిటర్ వైపు ఉంచండి.