చేలోకి ఇసుక వస్తోంది, దిబ్బ మీద సరుగుడు వేస్తే ఆగుతుందా?

చీరాల కుర్రోడు:
బాపట్ల దగ్గర సముద్రానికి కాస్త ఇవతల మా మామయ్యకి వేరుశనగ చేను ఉంది. మధ్యలో ఉన్న ఇసుక దిబ్బ మీద తీగలన్నీ పీకేసి, రిసార్టు కోసమని ఎవరో కొంత చదును చేశారు. అప్పట్నుంచి మధ్యాహ్నం పైరగాలి లేస్తే చాలు, చేనంతా ఇసుకే. సరుగుడు నారు వేద్దామంటున్నాడు మామయ్య. ఆగుతుందా?

దిబ్బల రైతు:
తమ్ముడూ, సరుగుడు తోటలున్నవాణ్ణే చెబుతున్నా, ముందు అది వద్దు. ఇసుక ఆకాశంలో ఎగిరి రాదు. చాలావరకు మోకాలి ఎత్తు లోపే గెంతుకుంటూ వస్తుంది. పెరిగిన సరుగుడుకి మొదలు బోడి, గాలి సందుల్లోంచి దూరిపోతుంది. నేలబారున పాకేది కావాలి. బాలబంది తీగ చూసే ఉంటావు, మేక గిట్టలా చీలిన ఆకు, ఊదా పువ్వు. ఇసుక మీద పడేకొద్దీ కణుపు కణుపుకీ వేరు దించి పైకి లేస్తుంది. తోడుగా రావణాసురుడి మీసాలు. ఆ గడ్డి గింజల గుత్తులు గాలికి ఒడ్డంతా దొర్లుతుంటే వెంటపడి పరిగెత్తని పిల్లలు మా ఊళ్ళో లేరు.

అక్టోబరు వానలకి మూడు నాలుగు కణుపుల తీగ ముక్కలు సగం పూడ్చి పెట్టండి. దిబ్బ మీదే, తీగ ముక్కలకి గాలి వచ్చే వైపు తాటికమ్మలతో పొట్టి దడి కట్టండి, సందులుండాలి. గోడలా బిగిస్తే గాలి దాని అడుగునే తవ్విపోస్తుంది. సరుగుడు చేను గట్టున వేసుకోండి, అక్కడ పనికొస్తుంది.

ఉప్పాడ వాసి:
గాలికైతే సరే. మా దగ్గర సముద్రం ఇళ్ళనే మింగింది, ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో కట్టిన జియోట్యూబు గోడ కూడా నిలవలేదు. తీగ ఏం చేస్తుందండీ?

దిబ్బల రైతు:
నిజమేనండీ, అలల కోతకి తీగ మందు కాదు. పైన నదుల మీద ఆనకట్టలు, ఒడ్డున రేవు గోడలు ఇసుకని ఆపేస్తే మొక్కలేం చేస్తాయి? కాకపోతే తుపానుకి అల ముందు దిబ్బనే కొడుతుంది. కోసుకుపోయిన ఇసుకలో కొంత సముద్రం సద్దుమణిగాక మళ్ళీ ఒడ్డెక్కుతుంది. దాన్ని పట్టి దిబ్బ కట్టేది ఈ తీగలే.

తీరం లాయరు:
దిబ్బ చదును చేయడం సీఆర్‌జెడ్ (సముద్ర తీర నియంత్రణ జోన్) నిబంధనల కింద నిషేధం, 2011, 2019 నోటిఫికేషన్లు రెండూ చూడండి. ఫోటోలు తీసి కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఇవ్వండి. దడి మాత్రం దిబ్బకి సముద్రం వైపు వద్దు, జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లకి ఎక్కుతాయి.

చీరాల కుర్రోడు:
థాంక్స్ అన్నా. తీగ కొనాలా?

దిబ్బల రైతు:
కొనడమేంటి తమ్ముడూ! ఒడ్డు వెంట నడువు, ఒత్తుగా ఉన్నచోట చివర్లు మాత్రం కొయ్యి. మొదలంటా లాగావంటే అక్కడ ఇంకో గొయ్యి పడుతుంది.