ఆత్మరక్షణ కేసు కొట్టేశాక నష్టపరిహారం దావా నిలబడుతుందా?

ప్రశ్న: మలక్‌పేట వాసి

అర్ధరాత్రి ఇనుప రాడ్‌తో ఇంట్లోకి దూరిన మనిషిని ఇంటాయన కర్రతో కొడితే చెయ్యి విరిగింది. ఇది 2022 ఏప్రిల్ నాటి సంగతి. ఇంటాయన మీద ఐపీసీ 325 (తీవ్రంగా గాయపరచడం) కేసు నడిచింది. ఈమధ్యే నాంపల్లి కోర్టు ఆత్మరక్షణేనంటూ కొట్టేసింది. ఇప్పుడు దెబ్బ తిన్నవాడు పది లక్షలు ఇవ్వాలని లాయర్ నోటీసు పంపాడు. నిర్దోషి అని తేలాక కూడా దావా వేయొచ్చా?

జవాబు: సివిల్ అడ్వకేట్

వేయొచ్చండి. క్రిమినల్ కోర్టు తీర్పుకు సివిల్ కోర్టు కట్టుబడి ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. ఇక్బాల్ సింగ్ మార్వా కేసులో 2005లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం అన్నదీ ఇదే. క్రిమినల్ కేసులో సందేహం మిగలకుండా నేరం రుజువవ్వాలి, సివిల్ దావాలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. అమెరికాలో ఫ్లోరిడా లాంటి చోట ఆత్మరక్షణకు సివిల్ దావా నుంచి కూడా రక్షణ ఉంది. మనకు అలాంటి చట్టం లేదు.

అయితే ముందు తేదీ చూడండి. దెబ్బలకు పరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం 113వ ఆర్టికల్ కింద మూడేళ్లే గడువు, అదీ దెబ్బ తగిలిన రోజు నుంచి. క్రిమినల్ కేసు నడుస్తోందని ఆ గడువు ఆగదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. మీరు చెప్పిన లెక్కన 2025 ఏప్రిల్‌తో అయిపోయింది. దావా వేస్తే, అందులోని తేదీలే చూపించి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద మొదట్లోనే తిరస్కరించమని అడగండి. దెబ్బ తిన్నవాడు అప్పటికి మైనరైతే మాత్రం ఈ లెక్క మారుతుంది. నోటీసుకు జవాబివ్వండి. అందులో ‘మానవత్వంతో ఎంతో కొంత ఇస్తాం’ అని మాత్రం రాయొద్దు.

జవాబు: క్రిమినల్ వైపు ప్రాక్టీసు

తీర్పు చివరి పేజీలు చదవండి. ‘ఆత్మరక్షణ రుజువైంది’ అని రాశారా, సాక్షులు ఎదురు తిరిగారని బెనిఫిట్ ఆఫ్ డౌట్ (నేరం మీద అనుమానం మిగిలిందని వదిలేయడం) ఇచ్చారా? రెండోదైతే సివిల్ కోర్టులో దానికి పెద్దగా బరువుండదు. మొదటిదైనా, కొట్టిన మాట ఒప్పుకుంటున్నారు కాబట్టి ఆత్మరక్షణను మళ్లీ రుజువు చేయాల్సింది ఇంటాయనే. అసలు చిక్కు మోతాదు దగ్గర, అంటే అవసరానికి మించి కొట్టారా అన్న దగ్గర వస్తుంది. రాడ్ పారేసి పరుగెత్తేవాణ్ణి వెంటపడి కొట్టిన దెబ్బ ఆత్మరక్షణ కిందికి రాదు. అందుకే వూండ్ సర్టిఫికెట్‌లో (గాయాల మీద డాక్టరిచ్చే పత్రం) గాయాలెన్ని, ముందువైపా వీపు మీదా అన్నది చూడాలి.

ఎఫ్‌ఐఆర్, పంచనామా, వూండ్ సర్టిఫికెట్, సాక్షుల వాంగ్మూలాలు, తీర్పు, అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తీసుకోండి. సాక్షులు మళ్లీ వచ్చి చెప్పాల్సిందే. వాళ్లు మాట మారిస్తే నిలదీయడానికి పాత వాంగ్మూలం పనికొస్తుంది.

సమన్లు అందితే 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు రాతపూర్వక జవాబు) వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. ఒక్కో ఆరోపణనూ విడిగా కాదనాలి, వదిలేసింది ఒప్పుకున్నట్టే లెక్క. ‘కేసు కొట్టేశారుగా’ అని కోర్టుకు వెళ్లకుండా కూర్చుంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే తీర్పు వస్తుంది.

మలక్‌పేట వాసి

ధన్యవాదాలు సార్. తప్పుడు కేసు పెట్టినందుకు మేమే ఎదురు దావా వేస్తే?

సివిల్ అడ్వకేట్

కేసు కొట్టేసిన రోజు నుంచి ఏడాదిలోపు వేయాలి, అదే లిమిటేషన్ చట్టం 74వ ఆర్టికల్. కానీ కొట్టేశారన్న ఒక్క ముక్క చాలదు. సరైన కారణం లేకుండా, దురుద్దేశంతో పెట్టాడని మీరే రుజువు చేయాలి. చెయ్యి నిజంగానే విరిగింది కదా, నేనైతే వద్దంటాను. దానికంటే, కొట్టివేత మీద అతను సెషన్స్ కోర్టులో అప్పీల్ వేశాడేమో ఈకోర్ట్స్ సైట్‌లో పేరు కొట్టి చూడండి. బాధితుడికి ఆ హక్కుంది.